అడుగుముక్క

మా వూరు నూజెండ్ల అని చెప్పగానే హైదరాబాదులో పదిమందిలో తొమ్మిదిమంది ‘ఓహో! మామిడిపళ్ల వూరా!’ అంటారు. వాళ్లనుకొనేది నూజివీడు. మామిడిపళ్లు వాళ్లవే. 1918లో ఎస్.వి. రంగారావుగారు పుట్టిందీ అక్కడే. మాది వినుకొండ దగ్గరి నూజెండ్ల. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో వుండేది. మాకు రంగారావుగారూ లేరు, రసాలూ లేవు. మిరప వుంది, పత్తి వుంది, బోలెడంత ఎండ వుంది. ఎండలో చెట్టునీడ దొరికితే, ఆ నీడలో పేక వుంది.

పందెం మా పల్నాటివాళ్లకు కొత్త కాదు. బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం సంగతి సినిమా చూసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి ‘పల్నాటి యుద్ధం’ తెర కెక్కింది. ఆ పందెంలో నాగమ్మ మాయ చేసిందని కథ చెప్పేవాళ్లు చెబుతారు. ఓడిపోయినవాళ్లు రాజ్యం వదిలి అడవిబాట పట్టారు. మా నాన్న రాజ్యం వదల్లేదు గాని, ఎకరం పావు చేను వదులుకొన్నాడు. కోడితో కాదు, పేకతో.

నేనిప్పుడు చెప్పబోయేది ఆ ఎకరం పావు సంగతి. అయితే దానికి ముందు నేను గారడీ నేర్చుకొన్న వైనం చెప్పాలి. ఎంచేతంటే నేనది నేర్చుకోకపోతే ఈ కథకు రెండో భాగం వుండేది కాదు.

మూడేళ్ల కిందటి మాట. పేపర్లకూ పత్రికలకూ రాసుకొని బతికేవాణ్ని గనక పాత సినిమాల ట్రిక్ షాట్ల మీద ఒక వ్యాసం ఒప్పుకొన్నాను. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్లడం, అంతకుముందు ‘పాతాళభైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడి మాయలు... రెంటికీ కెమెరా మార్కస్ బార్ట్లేగారిదే. ఇవన్నీ రాస్తుంటే ఎవరో అన్నారు: ‘వినుకొండలో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారున్నారు. స్కూళ్లలో మేజిక్ చేస్తారు. ఆయన్ని అడుగు, ఇంకా చెబుతారు’ అని.

వెళ్లాను. మాస్టారు మంచినీళ్లిచ్చి, నేనడిగిందంతా విని, ‘సినిమా పుట్టిందే గారడీవాడి చేతిలో, తెలుసా?’ అన్నారు. తెలియదన్నాను. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు బొమ్మలు కదిలించి చూపించినప్పుడు చూడటానికి వచ్చినవాళ్లలో జార్జ్ మెలియేస్ అనే ఇంద్రజాలికుడు వున్నాడట. మేజిక్ ఆడించే థియేటరొకటి ఆయన చేతిలో వుంది. కెమెరా ఆపి, మనిషిని మార్చి, మళ్లీ తిప్పితే మనిషి మాయమవుతాడని లోకానికి చూపించినవాడు ఆయన. మన విఠలాచార్యగారి దయ్యాలన్నీ ఆ వంశంలోవే!

‘కాని అందులో ఒక సుఖం వుంది బాబూ’ అన్నారు మాస్టారు. ‘తప్పు జరిగితే కట్ అంటారు. మళ్లీ తీస్తారు. ఇక్కడ కట్ లేదు’ అంటూ లుంగీ సర్దుకొని కూచొని, జేబులోంచి పేక తీశారు. నన్నొక ముక్క తీసుకోమన్నారు. ఆఠీను రాణి. కట్టలో పెట్టమన్నారు. కలిపారు. తర్వాత నా చొక్కా జేబు చూసుకోమన్నారు.

చూసుకొన్నాను. ఎలా వుండివుంటానో మీరే వూహించుకోండి.

మనకు మేజిక్ అంటే స్టేజీ. పి.సి. సర్కార్ తలపాగా. మన తెలుగువాళ్లకైతే బి.వి. పట్టాభిరాంగారు. ఇంద్రజాలంతో మొదలుపెట్టి, హిప్నాటిజంలో పేరు తెచ్చుకొని, వ్యక్తిత్వ వికాసం మీద పుస్తకాల మీద పుస్తకాలు రాసి, 2025 జూన్ 30న కన్నుమూశారు. కాని మాస్టారు చేసింది స్టేజీ వ్యవహారం కాదు. మోకాలూ మోకాలూ తగిలేంత దగ్గర కూచొని, కళ్లముందే చేసే పని. దీన్ని క్లోజప్ మేజిక్ అంటారు. క్లోజప్ అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. మొహంలో అబద్ధం వుంటే దొరికిపోయేది క్లోజప్‌లోనే.

ఆ రోజు నుంచి నేను ఆయన శిష్యుణ్ని.

నేర్చుకోవడం అంటే ఏముంది, పదిరోజుల్లో వచ్చేస్తుందనుకొన్నాను. మొదటి నెలంతా నేలమీద ముక్కలు ఏరుకోవడమే సరిపోయింది. రెండు ముక్కల్ని ఒక్కటేనన్నట్టు తిప్పడం, ఒక ముక్కను అరచేతిలో దాచి ఆ చేత్తోనే కాఫీ గ్లాసు పట్టుకోవడం, మీరు మీ ఇష్టప్రకారమే తీసుకొన్నామనుకొనే ముక్కను నేను మీ చేత తీయించడం... వీటిలో ప్రతిదానికీ నెలలు పట్టింది. అద్దం ముందు కూచొని చేస్తుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ‘ఏమండీ, రాసే పనేం లేదా?’ అనేది. బస్సులో చేస్తుంటే పక్క సీటాయన సంచీ దగ్గరికి లాక్కొన్నాడు.

ఒక తమాషా చెబుతాను. మాస్టారు దగ్గర ఇంగ్లీషు పుస్తకాలుండేవి. ఒకదాంట్లో ‘హిందూ షఫుల్’ అని ఒక అధ్యాయం! ఏదో రహస్యవిద్య కాబోలునని ఆత్రంగా చదివాను. తీరా చూస్తే, కట్టను పైనుంచి పట్టుకొని కొన్ని కొన్ని ముక్కల్ని కింది అరచేతిలోకి జారవిడవడం. మా వూళ్లో చింతచెట్టు కింద మా బాబాయిలు కలిపేదీ ఇలాగే! దొరలు దానికొక పేరు పెట్టి, బొమ్మలు వేసి, పేజీలకు పేజీలు రాశారు. ఎందుకు రాశారో తర్వాత అర్థమైంది. కలుపుతున్నట్టు కనిపిస్తూ, కావలసిన ముక్కను కావలసిన చోటే వుంచుకోవడానికి అంత అనువైన పద్ధతి ఇంకొకటి లేదు. పెర్సీ డయకోనిస్ అని ఒక గణితశాస్త్రజ్ఞుడున్నాడు. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి ఒక గారడీ గురువు వెంట వెళ్లి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. కట్టను రెండుగా చేసి అంచులు కలగలిపే పద్ధతిలోనైతే ఏడుసార్లు కలిపితే పేక బాగా కలుస్తుందని 1992లో ఆయనా డేవ్ బేయర్ అనే ఆయనా లెక్కగట్టారు. గుప్పెడు గుప్పెడుగా కలిపే పద్ధతిలో అయితే వేలసార్లు కలపాలట. చింతచెట్టు కింద మూడుసార్లు కలిపి, కోసి, పంచేసేవాళ్లు!

మాస్టారు మొదటే చెప్పిన మాట ఒకటి వుంది. ‘చెయ్యి కంటికంటే వేగం అంటారు చూశావూ, అది వట్టి మాట. చెయ్యెప్పుడూ కంటికంటే వేగం కాదు. చూసేవాడు అటు చూడటం లేదు, అంతే. సినిమాలో కెమెరా ఎటు చూస్తే జనం అటు చూస్తారు. ఇక్కడ నీ కళ్లే కెమెరా. నువ్వు నీ చెయ్యి చూసుకొంటే వాళ్లూ నీ చెయ్యే చూస్తారు. నువ్వు వాళ్ల మొహం చూడు.’

రెండో ఏట అడుగుముక్క పంచడం దగ్గరికొచ్చాం. పైనున్న ముక్క వేస్తున్నట్టే వుంటుంది. వచ్చేది మాత్రం కట్ట అడుగునుంచి. పేక ఎడమచేతిలో వుంటుంది. చూపుడువేలు ముందు అంచుకు ఆనించి, మిగతా మూడువేళ్లూ పక్కన పెట్టాలి. బొటనవేలు పైముక్కను కాస్త జరుపుతుంది. కుడిచెయ్యి వచ్చి తీసుకొనేది దాన్ని కాదు. ఈ విద్యకంతా పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం 1902లో అమెరికాలో అచ్చయింది. ఎర్డ్‌నేస్ అన్న పేరుతో రాశారు గాని ఆ మనిషి అసలు ఎవరో నేటికీ తేలలేదు. రాసింది పేకాటలో మోసం చేసేవాళ్ల చేతివాటం గురించి. చదివి బాగుపడింది మాత్రం గారడీవాళ్లు.

మాస్టారు నా చూపుడువేలు పట్టుకొని ముందు అంచుమీద పెట్టారు. ‘ఇదీ పట్టు’ అన్నారు.

నేనా వేలువంక చూస్తూ వుండిపోయాను. ఆ పట్టు నేనంతకుముందే చూశాను.

2001 ఎండాకాలం. నాకు పదేళ్లు. నాన్న వెనకాల కూచొనేవాణ్ని, ఎవరికన్నా సోడా కావాలన్నా బీడీలు కావాలన్నా పరుగెత్తడానికి. ఆ సాయంత్రం ఆటలోకి ఎక్కడినుంచో ఒక కొత్త మనిషి వచ్చాడు. నవ్వుతూ మాట్లాడేవాడు. నాకు అర్ధరూపాయి ఇచ్చాడు కూడా. మూడుముక్కలాట. రాత్రి పెట్రోమాక్స్ లైటు వెలిగించేసరికి నాన్న నోట్లు అయిపోయాయి. తర్వాత కాగితం మీద సంతకాలు. ఆఖరాటలో నాన్నకు రెండు రాజులు వచ్చాయి. వెనక నుంచి చూసి నేనెంత సంబరపడ్డానో! ఆ మనిషి తన మూడూ పరిచాడు. మూడూ తొమ్మిదులే. ఆ పంచిన చెయ్యి, ముందు అంచుకు ఆనిన ఆ చూపుడువేలు, దానికొక రాగి వుంగరం... ఇవి నా కళ్లలో ఎందుకు మిగిలాయో తెలియదు. బహుశా వుంగరం మెరిసినందుకేమో.

ఎకరం పావు పోయింది. అమ్మ ఏడవలేదు, అరవలేదు. ఇంట్లో పేక కనిపిస్తే చెయ్యి విరగ్గొడతానని నాకు మాత్రం చెప్పింది. ‘మీ నాన్న చేతికి అదృష్టం లేదు’ అన్న మాట ఆ తర్వాత ఇరవయ్యేళ్లు విన్నాను. నాన్న ఆ మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి పేక ముట్టలేదు.

ఇదంతా మాస్టారికి చెప్పి, ‘మా నాన్న ఓడిపోలేదండీ, మోసపోయాడు. ఇంటికెళ్లి చెప్పాలి’ అన్నాను.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. పేక సర్దుతూ, ‘పదేళ్ల పిల్లాడి జ్ఞాపకం. నిన్న నేర్చుకొన్న పట్టు. రెండూ కలిపి కుట్టేస్తున్నావేమో చూసుకో’ అన్నారు. కాసేపాగి, ‘నిజమే అనుకొందాం. చెబితే ఆయనకు హాయా, నీకు హాయా?’ అన్నారు.

జవాబు దొరకలేదు. వెలితి ఏమిటంటే, ఆ రెండో ప్రశ్న నన్ను వదల్లేదు. 1968లో సుప్రీంకోర్టు మన సికిందరాబాదు క్లబ్బు కేసులోనే చెప్పింది, రమ్మీలో నైపుణ్యం వుంది, మూడుముక్కలాట లాంటిది కేవలం అదృష్టం అని. అదృష్టం అనుకొంటే మనిషి తలరాతను తిట్టుకొని బతకగలడు. పంచేవాడి చేతివాటం అని తెలిస్తే? మోసపోయినవాడి సిగ్గు ఓడినవాడి సిగ్గుకంటే పెద్దదేమో!

ఆ రోజుల్లోనే ఒక కథ చదివాను. డై వెర్నన్ అని, చేతిగారడీలో ఇరవయ్యో శతాబ్దపు పెద్దగురువు. 1932లో అమెరికాలో విచిటా అనే వూరి జైల్లో ఒక ఖైదీ ఆయనతో, పేక అడుగునుంచి కాదు, నడిమధ్య నుంచి ముక్క తీసి పంచే మొనగాడొకడున్నాడని చెప్పాడట. వెర్నన్ ఆ మనిషిని వెదుక్కొంటూ వెళ్లి, మిస్సోరీ రాష్ట్రంలో ప్లెజంట్ హిల్ అనే చిన్న వూళ్లో పట్టుకొన్నాడు. పేరు అలెన్ కెనెడీ. దేవుణ్ని చూసినట్టు చూసి నేర్చుకొన్నాడు. చదువుతూ నేను మురిసిపోయాను. పుస్తకం మూసేశాక మనసు అదోలా అయింది. ఆ కెనెడీ పంచిన ముక్కలు ఎత్తుకొన్నవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు. నేను నేర్చుకొంటున్న ఈ ముచ్చటైన విద్యకు ఎక్కడెక్కడి చేలు ఫీజు కట్టాయో!

పోయిన సంక్రాంతికి వూరెళ్లాను. బ్యాగులో బట్టలు తీయబోయి అమ్మ పేక బయటికి తీసింది. అమెరికా నుంచి వచ్చిందని మాస్టారు నాకిచ్చిన ‘బైసికిల్’ పేక. ఆమె దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకొన్నట్టు రెండువేళ్లతో పట్టుకొని వరండాలోకి వచ్చింది.

‘ఏందిరా ఇది?’

‘గారడీ అమ్మా. డబ్బు పెట్టి ఆడేది కాదు.’

‘మీ నాన్నా అట్టాగే మొదలుపెట్టాడు.’

నాన్న మంచంమీద కూచొని మిరపచేను బాడుగ లెక్కలేవో చూసుకొంటున్నాడు. తల ఎత్తకుండానే, ‘తేబోకు, పెట్టకు అని అరుస్తావెందుకే. ఏందో చూపించనీ’ అన్నాడు. పాతికేళ్లలో ఆయన పేక గురించి అన్న మొదటి మాట అది.

నా చేతులు చల్లబడ్డాయి. జేబులో రాణి ఆటా, ముక్క పేరు చెప్పే ఆటా రెండూ చేశాను. నాన్న చిన్నగా నవ్వాడు. ఆ తర్వాత ఎందుకు చేశానో చెప్పలేను. మూడుముక్కలాట లాగా పంచాను, నాకూ ఆయనకూ. ఒకటి, రెండు, మూడు. అడుగున మూడు తొమ్మిదులు ముందే పెట్టి వుంచాను.

నాన్న తన ముక్కలు ఎత్తలేదు.

‘కిందనుంచి తీశావు’ అన్నాడు.

అద్దం ముందు ఏడాది కూచొన్న పని అది. మా ఆవిడ పట్టలేదు. మిత్రులెవరూ పట్టలేదు.

‘ఎట్టా కనిపెట్టావు నాన్నా?’

‘చప్పుడు. పైముక్క చప్పుడు వేరు, అడుగుముక్క చప్పుడు వేరురా.’

‘మరి ఆ రోజు...’ అన్నాను. ఏ రోజో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

‘ఆ రోజు నేను నా ముక్కలు చూసుకుంటన్నాను. రెండు రాజులొచ్చినయ్యి. మూడోది వొస్తే ఎంతొచ్చుద్దా అని లెక్కేసుకుంటన్నా. వాడి చెయ్యి ఎవడు చూశాడు?’

మాస్టారు రెండేళ్లుగా నాకు చెబుతున్న పాఠం నాన్న రెండు ముక్కల్లో చెప్పేశాడు. చెయ్యి వేగం కాదు. మన చూపు మన ఆశ దగ్గరుంటుంది, అంతే.

‘అయితే అనుమానమే రాలేదా?’

‘తర్వాత వొచ్చింది. రెండు రోజులకు.’

‘మరి చెప్పలేదేం? అమ్మ ఇన్నేళ్లూ నీ చేతికి అదృష్టం లేదంటుంటే...’

నాన్న గుమ్మంవంక చూశాడు. అమ్మ అక్కడే వుంది. ఆమెకు వినిపించేట్టే చెప్పాడు.

‘మోసం చేశాడనుకున్నా ననుకో, మళ్లీ పోయి ఆడాలనిపించుద్ది. ఈసారి కనిపెట్టి వాడి దగ్గర లాగుదామనిపించుద్ది. మిగతా రెండెకరాలూ పొయ్యేవి. నా తప్పే అనుకున్నా. నా తప్పయితే నేనే మానుకోవొచ్చు గదా. అందుకని అట్టాగే అనుకున్నా.’

నేను పెద్ద కానుక తెస్తున్నట్టు మోసుకొచ్చిన సంగతి ఆయన దగ్గర పాతికేళ్లుగా వుంది. దాన్ని అటక మీద పడేసి, మిగిలిన రెండెకరాలూ సేద్యం చేసి, నన్ను డిగ్రీ చదివించాడు.

అమ్మ వచ్చి మంచం పట్టెమీద కూచొంది. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, ‘ఇందాకటిది నాకు చూపించరా’ అంది. పేక విప్పి ముందు పెట్టాను. ముక్క తీయడానికి ఎంతసేపు తటపటాయించిందో! చివరికి కళావరు నాలుగు తీసింది. నేను కలుపుతుంటే నా వేళ్లు నా మాట వినలేదు. కట్టంతా వరండా నిండా పడింది. అమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ముగ్గురం వంగి ముక్కలు ఏరాం. ‘వాడి చెయ్యి నీకంటే నయంరా’ అన్నాడు నాన్న ఏరుతూనే.

ఆ రాత్రి మాస్టారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మా నాన్న పట్టేశాడండీ, చప్పుడు వినపడిందన్నాడు అన్నాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. ఏదో ఓదార్పుగా అంటారనుకొన్నాను.

‘చప్పుడు వినపడిందా? అయితే ఇంకో ఆర్నెల్లు అద్దం వదిలేసి, కళ్లు మూసుకొని చెయ్యి’ అన్నారు.